నేల ఇచ్చిందెంత, మనిషి కలిపిందెంత

1910 ఈస్టర్ రోజుల్లో ఒక క్రైస్తవ ఫాదర్ పారిస్‌లో ఈఫిల్ టవర్ ఎక్కారు. ఆయన పేరు థియోడోర్ వుల్ఫ్. జెస్యూట్ సభకు చెందిన ఆయన నెదర్లాండ్స్‌లోని వాల్కెన్‌బర్గ్‌లో సభవారి కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు. వెంట తీసుకెళ్లింది స్వయంగా రూపొందించిన ఎలెక్ట్రోమీటర్. అందులో లోహపు పూత పూసిన రెండు సన్నని క్వార్ట్జ్ పోగులుంటాయి. విద్యుదావేశం ఇస్తే అవి ఒకదానికొకటి ఎడంగా జరుగుతాయి. చుట్టుపక్కల రేడియేషన్ ఉంటే గాలి అయనీకరణం చెంది ఆ ఆవేశం కారిపోతుంది, పోగులు మళ్లీ దగ్గరవుతాయి. ఎంత త్వరగా దగ్గరైతే అక్కడ రేడియేషన్ అంత ఎక్కువన్నమాట. అంతకుముందే ఆయన ఈ పరికరాన్ని మోసుకుని జర్మనీ, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్‌లలో ఊరూరా తిరిగి ఆరుబయట కొలతలు తీశారు.

1896లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు బెకెరెల్ యురేనియం కిరణాలను కనుగొన్నాక శాస్త్రజ్ఞులందరినీ ఒక సంగతి వేధిస్తూ వచ్చింది. యురేనియం దరిదాపుల్లో లేకపోయినా, ఎక్కడ పెట్టినా పరికరంలోని ఆవేశం నెమ్మదిగా కారిపోతూనే ఉంది. నేలలోని రాళ్లే కారణమని ఎక్కువమంది నమ్మారు. అదే నిజమైతే పైకి వెళ్లేకొద్దీ రేడియేషన్ తగ్గిపోవాలి. అప్పటి లెక్క ప్రకారం ఎనభై మీటర్ల ఎత్తుకే సగం కావాలి, మూడు వందల మీటర్ల మీద దాదాపు ఏమీ మిగలకూడదు. వుల్ఫ్ కొలిచి చూస్తే కింద ఘన సెంటీమీటరుకు సెకనుకు 6 అయాన్లు పుడుతున్న చోట టవర్ కొసన 3.5 పుడుతున్నాయి.

ఆకాశంకేసి చేతులెత్తి ప్రార్థించడం నిత్యకృత్యంగా ఉన్న మనిషికి ఆకాశం నుంచి ఏదో దిగివస్తోందని ప్రకటించాలనే ఆశ కలిగి ఉంటే ఆశ్చర్యం లేదు. ఆయన అలా ప్రకటించలేదు. పైన వేరే మూలమైనా ఉండాలి, లేదా ఈ కిరణాలను గాలి మనం అనుకున్నంతగా పీల్చుకోవడం లేదేమో అని రెండు దారులూ తెరిచి ఉంచి ఊరుకున్నారు. ఆ నిగ్రహం చాలా గొప్పది. తరువాత వచ్చిన కొందరు పెద్దలకు అది కుదరలేదు.

మరుసటి ఏడాది ఇటలీలో డొమెనికో పాచీని లివోర్నో దగ్గర సముద్రంలో మూడు మీటర్ల లోతున పరికరం ముంచి, నీళ్ల కింద రేడియేషన్ తగ్గుతోందని చూపించారు. అంటే కొంత భాగమైనా పైనుంచే వస్తోంది. 1912లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు విక్టర్ హెస్ హైడ్రోజన్ బెలూన్లలో పైకి వెళ్లారు. ఏప్రిల్ 17న సూర్యగ్రహణం వేళ ఎగిరి చూశారు. సూర్యుడికి చంద్రుడు అడ్డువచ్చినా రీడింగు తగ్గలేదు కాబట్టి మూలం సూర్యుడు కాదు. ఆగస్టు 7న 5,350 మీటర్ల దాకా వెళ్లారు. మొదట కాస్త తగ్గిన రేడియేషన్ ఆపైన పెరుగుతూ పోయి నేలమీదకంటే చాలా ఎక్కువైంది. ఈ పనికే 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అలా లెక్క రెండు పద్దులుగా విడిపోయింది. ఒకటి నేల ఇచ్చేది, ఇంకొకటి నింగి ఇచ్చేది.

నింగి పద్దుకు 'కాస్మిక్ కిరణాలు' అని పేరుపెట్టింది అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మిలికన్. ఆయన పాస్టరు కొడుకు, దైవభక్తుడు. విశ్వం క్రమంగా చల్లారి అంతమైపోతుందన్న అప్పటి శాస్త్రం ఆయనకు మింగుడుపడలేదు. నక్షత్రాల నడుమ శూన్యంలో కొత్త పరమాణువులు పుడుతున్నాయనీ, ఆ పుట్టుక సమయపు కేకలే ఈ కిరణాలనీ, సృష్టికర్త ఇంకా పనిలోనే ఉన్నాడనీ 1920ల చివర్లో చాటారు. ఆ మాట పత్రికల్లో మారుమోగింది. మిలికన్ లెక్క నిలవాలంటే ఆ కిరణాలు కాంతిలాంటివి కావాలి, భూమిమీద అన్నిచోట్లా ఒకేలా పడాలి. ఆర్థర్ కాంప్టన్ 1930ల మొదట్లో ప్రపంచం నలుమూలలకూ బృందాలను పంపి కొలిపించారు. భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాలవైపు ఎక్కువ అని తేలింది. అంటే వచ్చేవి భూమి అయస్కాంత క్షేత్రానికి వంగే ఆవేశమున్న కణాలు. ఇద్దరూ నోబెల్ గ్రహీతలే. 1932 చివర ఇద్దరూ ఒకే సభలో బహిరంగంగా తలపడ్డారు. కాంప్టన్ నాస్తికుడు కాదు. ఆయన తండ్రీ పాస్టరే, ఆయనా విశ్వాసే. వాళ్లిద్దరి మధ్య తగువు దేవుడున్నాడా లేడా అన్నది కానే కాదు. ఒక అంకె నుంచి దేవుడి మాట వినవచ్చా అన్నది. మిలికన్ వినవచ్చనుకున్నారు. కొలతలు అందుకు ఒప్పుకోలేదు.

ఆ కొలతల పర్యవసానం హైదరాబాద్‌లోనూ కనిపిస్తుంది. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడంతో ఇక్కడికి తక్కువ శక్తిగల కణాలు చేరలేవు, బాగా శక్తిమంతమైనవే దిగుతాయి. ఆకాశాన్ని పరిశీలించేవాళ్లకు అది కలిసివచ్చే విషయం. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దశాబ్దాలుగా హైదరాబాద్‌ నుంచి పెద్ద పెద్ద బెలూన్లు ఎగరేస్తూ వచ్చింది.

మిలికన్‌ను లాగిన ఆశ మన ఇళ్లలోనూ ఉంది. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు. పురాణాల లెక్కలో బ్రహ్మదేవుడి పగలు 432 కోట్ల ఏళ్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి, మన ఋషులకు అంతా ముందే తెలుసని చెప్పేవాళ్లు తెలుగు సభల్లో తక్కువేమీ కాదు. అలాగైతే థోరియం-232 సంగతేమిటి? దాని అర్ధాయువు సుమారు 1,400 కోట్ల ఏళ్లు. విశ్వం వయసుకంటే కూడా కాస్త ఎక్కువే. పొటాషియం-40ది 125 కోట్లు. నచ్చిన అంకెను ఏరుకుని, నచ్చనివాటిని వదిలేసి కట్టిన సాక్ష్యం ఋషులకు గౌరవం తేదు, శాస్త్రానికీ తేదు. కల్పాల ఊహలోని గొప్పదనం వేరు. మనిషి ఆయుష్షుతో పోల్చలేనంత పెద్ద కాలాన్ని మనసులో పట్టుకోవాలని ఒక సమాజం పూనుకోవడమే అందులోని ఘనత. దానికి యురేనియం సాక్షి సంతకం అక్కరలేదు.

నేల పద్దు దగ్గరికొస్తే, దాన్ని కొలిచే పద్ధతి చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. గోడలకూ చెట్లకూ దూరంగా, తవ్వి పోయని చదును నేల మీద, మీటరు ఎత్తున పరికరం పట్టుకుని నిలబడాలి. సింటిలోమీటర్ అయితే లోపలి స్ఫటికం మీద గామా కిరణం పడినప్పుడల్లా ఒక మెరుపు మెరుస్తుంది, పరికరం ఆ మెరుపులను లెక్కపెడుతుంది. ఏడాది పొడుగునా కొలవాలంటే టీఎల్‌డీ బిళ్లలు వాడతారు. అందులోని పదార్థం నెలల తరబడి పడిన రేడియేషన్ శక్తిని దాచుకుంటుంది, ప్రయోగశాలలో వేడిచేస్తే దాన్ని కాంతిగా వదిలేస్తుంది. భాభా అణు పరిశోధన కేంద్రం 1980లలో ఇలాంటి బిళ్లలతోనే దేశమంతటా ఆరుబయటి రేడియేషన్‌ను కొలిచింది. వాన కురిసినప్పుడు రీడింగు కాసేపు పెరుగుతుంది, ఎందుకంటే గాలిలోని రాడాన్ వాయువు నుంచి పుట్టిన కణాలు చినుకులతో నేలకు దిగుతాయి. కొన్ని గంటల్లో అవి క్షీణిస్తాయి. ఆపైన తడిసిన నేల తన కిరణాలను తానే కొంత ఆపుకుంటుంది కాబట్టి రీడింగు మామూలుకంటే కాస్త తగ్గుతుంది కూడా. ఒకే చోట ఒకే రోజు తీసిన ఒక్క అంకెను నమ్మి తీర్పు చెప్పకూడదనేది ఇందుకే.

ఇలా కొలుస్తూ పోతే దేశపు పటం రాళ్ల పటంలాగే కనిపిస్తుంది. పడమటి తీరంలో ముంబై నిలిచిన బసాల్టు రాయిలో యురేనియం, థోరియం, పొటాషియం తక్కువ, అక్కడ రీడింగు తక్కువ. గోల్కొండ కోట కట్టిన గుట్టలు, మౌలాలి కొండ, హైదరాబాద్ చుట్టూ పరుచుకున్న బండలన్నీ గ్రానైటు. ఇక్కడ ఎక్కువ. లద్దాఖ్ ఎత్తుల్లో కాస్మిక్ కిరణాల వాటా సముద్రతీరంకంటే కొన్ని రెట్లుంటుంది. రేడియేషన్ మీద ఐక్యరాజ్యసమితి వేసిన శాస్త్రీయ సంఘం 2000 నివేదికలో ప్రపంచ సగటు మనిషికి సహజంగా అందే మోతాదును ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లుగా లెక్కగట్టింది. అందులో సగానికి పైగా పీల్చే గాలిలోని రాడాన్ వల్ల. మిగిలింది నింగీ, నేలా, తిండీ కలిసి ఇచ్చేది.

తిండి అన్నప్పుడు ఇంకో మాట చెప్పుకోవాలి. ప్రకృతిలోని పొటాషియంలో రవ్వంత భాగం ఎప్పుడూ రేడియోధార్మికమే. పొటాషియం లేకుండా గుండె కొట్టుకోదు. డెబ్భై కిలోల మనిషి ఒంట్లో ఒక్క పొటాషియం-40 వల్లే సెకనుకు నాలుగు వేలకు పైగా పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. దేవుడికి నైవేద్యం పెట్టే అరటిపండులోనూ అదుంది, పెట్టే చేతిలోనూ ఉంది. ఎంత మడి కట్టుకున్నా దీన్ని వదిలించుకోవడం కుదరదు. అంతేకాదు, భూమి లోపలి నుంచి పైకి వచ్చే వేడిలో దాదాపు సగం ఈ విచ్ఛిన్నాల వల్లే పుడుతోంది. ఖండాలను కదిలించేదీ, కొండలను లేపేదీ ఆ వేడే. రేడియేషన్ అసలే లేని భూమిని కోరుకోవడమంటే ఈ భూమినే కాదనుకోవడం.

అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఒంటిలో దిగిన రేడియేషన్ శక్తిని గ్రేలలో కొలుస్తారు, గ్రేలో వెయ్యో వంతు మిల్లీగ్రే. రాతి నుంచి వచ్చిన ఒక మిల్లీగ్రే, రియాక్టరు నుంచి వచ్చిన ఒక మిల్లీగ్రే ఒకటేనా? కిరణం అదే రకానిదైతే శరీర కణానికి తేడా తెలియదు. గామా కిరణం మీద అది పుట్టిన ఊరి పేరు రాసి ఉండదు. శరీరానికి లేని తేడా నీతికి ఎందుకుండాలి? ఉండాలని ఎవరైనా అంటే అది వట్టి భయమా, లేక దానికేమైనా ఆధారముందా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లు ముందుగా కేరళ వెళ్తారు. కొల్లం జిల్లాలో నీండకర, చవర, కరునాగపల్లి తీరం పొడవునా నల్ల ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. దాని సంగతి బయటపడిన తీరు విచిత్రం. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తిరువాన్కూరు నుంచి దిగుమతైన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో మోనజైట్‌ను గుర్తించారు. అప్పట్లో యూరప్ వీధిదీపాలకు గ్యాస్ మాంటిళ్లు కావాలి, మాంటిల్‌కు థోరియం కావాలి. మన పల్లెల్లో పెళ్లి ఊరేగింపులకూ, రాత్రి భజనలకూ వెలిగించిన పెట్రోమాక్స్ లైట్లలో తెల్లగా మెరిసింది కూడా థోరియం ఆక్సైడే.

ఆ తీరంలో జనం తరతరాలుగా కాపురముంటున్నారు. చేపలు పడతారు, పీచు పేనుతారు, గుడులకూ చర్చిలకూ వెళ్తారు. ఏటా వేలాదిమంది తెలుగువాళ్లు కూడా దర్శించుకునే మాతా అమృతానందమయి ఆశ్రమం ఉన్నది కరునాగపల్లి తాలూకాలోనే. నేల నుంచి ఆరుబయట వచ్చే గామా మోతాదుకు ప్రపంచ సగటు ఏడాదికి సుమారు అర మిల్లీగ్రే అయితే, ఈ తాలూకాలో కొన్నిచోట్ల అది 70 దాకా పోతుంది. తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం 1990ల్లో ఈ తాలూకాలో ఇల్లిల్లూ తిరిగింది. ఇంటి లోపలా బయటా రేడియేషన్ కొలిచింది, మనుషుల వివరాలు రాసుకుంది. వాళ్లలో 69,958 మందిని సగటున పదిన్నరేళ్ల పాటు గమనించి 2009లో ఫలితం ప్రచురించింది. 2005 చివరికి వచ్చిన క్యాన్సర్లు 1,379. ఎక్కువ రేడియేషన్ ఉన్నచోట క్యాన్సర్ ఎక్కువ అన్న ఆధారం దొరకలేదు.

ఇది నిజాయితీగా చేసిన పెద్ద పని, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అయితే అది చెప్పనిదాన్ని దాని నోట పెట్టకూడదు కూడా. ఎక్కువ హాని కనబడలేదంటే, ఈ సంఖ్యలో కనబడేంత పెద్ద హాని లేదని అర్థం. పొగాకు, తిండి, వయసు వల్ల వచ్చే హెచ్చుతగ్గుల కింద చిన్న తేడా మునిగిపోవచ్చు. ఆ తీరం మీద అధ్యయనాల చరిత్ర కూడా ఒకే దారిన నడవలేదు. 1976లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం అక్కడ డౌన్ సిండ్రోమ్ ఎక్కువగా ఉందంది. దాని మీద అభ్యంతరాలు వచ్చాయి. 1995 నుంచి పుట్టిన పిల్లలను పెద్ద సంఖ్యలో పరీక్షించినవాళ్లకు అలాంటి తేడా కనిపించలేదు. 2002లో మరో బృందం తల్లి నుంచి సంక్రమించే డీఎన్‌ఏలో ఉత్పరివర్తనాలు ఎక్కువగా చూశామంది. జబ్బు కనబడకుండా మార్పు కనబడడం అసంభవమేమీ కాదు. ఇంతకీ 2018-19లో అదే తీరంలోని అలప్పాడ్ గ్రామస్థులు పెద్ద ఎత్తున ఉద్యమించింది రేడియేషన్ మీద కాదు, ఇసుక తవ్వకాల వల్ల ఊరు సముద్రంలో కలిసిపోతోందని.

అణు ప్రమాదాలు జరిగినప్పుడూ, కొత్త ప్లాంట్లు వచ్చేటప్పుడూ కేరళ తీరం పేరూ, ఇరాన్‌లోని రామ్‌సర్ పేరూ తప్పక వినబడతాయి. రామ్‌సర్ మనకు చిత్తడినేలల ఒప్పందం వల్ల, ఆ జాబితాలో చేరిన కొల్లేరు వల్ల తెలుసు. రేడియం కలిసిన వేడినీటి ఊటల వల్ల అక్కడ కొన్ని ఇళ్లలో మోతాదు కేరళనూ మించుతుంది. వాళ్లంతా హాయిగా బతుకుతున్నారు కదా, మేము కలిపేది అందులో ఎన్నో వంతు, మీకెందుకు భయం అని ప్లాంటు పక్షంవాళ్ల వాదన సాగుతుంది. భయాన్ని దాని కొలతకు తగ్గించడానికి ఈ పోలిక పనికొస్తుంది. అనుమతికి బదులుగా వాడుకుంటే మాత్రం అది అన్యాయం.

ఎందుకో చూడడానికి మన తత్వశాస్త్రం బాగా అక్కరకొస్తుంది. సాంఖ్యం దుఃఖాన్ని మూడుగా విడదీసింది. తన ఒంటి నుంచీ మనసు నుంచీ వచ్చేది ఆధ్యాత్మికం, ఇతర భూతాల నుంచి వచ్చేది ఆధిభౌతికం, దైవశక్తుల నుంచి వచ్చేది ఆధిదైవికం. శాంతి అని మూడుసార్లు పలకడం ఈ మూడింటి ఉపశమనానికేనని పెద్దలు చెబుతారు. రేడియేషన్ కూడా ఈ మూడు దారుల్లోనే వస్తుంది. ఒంట్లోని పొటాషియం, చుట్టూ ఉన్న నేల, పైనున్న నింగి. అయితే సాంఖ్యకారికకు వాచస్పతి మిశ్రుడు రాసిన వ్యాఖ్యలో ఆధిభౌతిక దుఃఖానికి కారణాలుగా మనుషులు, పశువులు, పక్షులు, పాములతో పాటు స్థావరాలనూ చేర్చాడు. అంటే కదలని వస్తువులు. శత్రువు విసిరిన రాయీ, కొండమీద నుంచి దానంతటదే దొర్లిన రాయీ అక్కడ ఒకే పద్దు. సాంఖ్యానికి అది లోపం కాదు. దాని లక్ష్యం దుఃఖం నుంచి విడుదల. బాధపడేవాడి వైపు నుంచి చూస్తే ఎవరు విసిరారన్నది రెండో మాట. రేడియేషన్ జీవశాస్త్రం సరిగ్గా ఈ చూపుతోనే చూస్తుంది. గ్రే అనే కొలమానం కారణాన్ని అడగదు.

ధర్మం అలా ఊరుకోలేదు. మనుస్మృతి తెలియక చేసిన పాపానికీ తెలిసి చేసిన పాపానికీ వేర్వేరు ప్రాయశ్చిత్తాలు చెప్పింది. మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సూత్రంలో బుద్ధుడికీ నిగంఠుల (జైనుల) శిష్యుడికీ జరిగిన వాదమంతా ఇదే. శరీరంతో చేసిన పనికి బరువెక్కువని నిగంఠులు, మనసులోని సంకల్పానికే ఎక్కువని బుద్ధుడు. రాతికి సంకల్పం లేదు. చవర ఇసుక ఎవరి మీదా కక్షగట్టలేదు, ఎవరి దగ్గరా లాభం తీసుకోలేదు, ఎవరితోనూ అబద్ధమాడలేదు. ప్లాంటు కట్టాలన్నది మనుషుల నిర్ణయం. దాని లాభం ఒకచోటికీ ప్రమాదం ఇంకొకచోటికీ పోవచ్చు. ముప్పు మోసేవాణ్ని ముందుగా అడగవచ్చు, అడగకుండానూ ఉండవచ్చు. ఈ తేడాలేవీ గ్రేలో కనిపించవు. అంతమాత్రాన అవి లేకుండా పోవు.

ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ మరణానంతరం 1874లో అచ్చయిన 'ప్రకృతి' అనే వ్యాసం మొత్తం ప్రకృతి చేస్తోంది కాబట్టి మనిషీ చేయవచ్చనే వాదన మీదే. ప్రకృతి చేసేదాన్ని ఆదర్శంగా తీసుకుంటే మనిషి చేయకూడని ఘోరమంటూ ఏదీ మిగలదని ఆయన చూపించారు. తుపాను వేలమందిని చంపుతుంది కాబట్టి ఒకరిని చంపడం తప్పు కాదని ఎవరూ అనరు. సహజమైనది కాబట్టి మంచిదన్న వాదన కూడా ఇక్కడే వీగిపోతుంది. రాడాన్ పూర్తిగా సహజం. పొగాకు తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో దాన్నొకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తోంది. ఆరుబయట అది గాలిలో పలచబడిపోతుంది. మూసిన గదుల్లో పోగవుతుంది. గోడలు కట్టిందీ, కిటికీలు మూసిందీ మనిషే కనుక, ఇంటి లోపల ఆ సహజ వాయువు మనిషి బాధ్యతే అవుతుంది. ప్రకృతి పద్దులోది మనిషి పద్దులోకి ఇలా చడీచప్పుడు లేకుండా మారిపోతుంది.

రెండు పద్దులనూ విడదీయడం ఎంత అవసరమో చూపే రెండు ఘటనలు పదహారు నెలల తేడాలో జరిగాయి. 1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో లిమరిక్ అణు విద్యుత్ కేంద్రం ఇంకా పని మొదలుపెట్టలేదు. అక్కడ పనిచేసే ఒక ఇంజినీరు గుమ్మం దగ్గర రేడియేషన్ అలారం మోగిస్తూ వచ్చారు, రోజు తరువాత రోజు. ప్లాంటులో వెతికితే ఏమీ లేదు. చివరికి లోపలికి వచ్చేటప్పుడే అలారం మోగుతోందని తేలింది. రేడియేషన్ ఆయన ఇంటి నుంచి వస్తోంది. ఇంటి కింది నేలలోని యురేనియం వల్ల ఆ ఇంట్లో రాడాన్ ఎంత పేరుకుందంటే, అమెరికా ఆ తరువాత పెట్టుకున్న చర్య హద్దుకు అది వందల రెట్లు.

1986 ఏప్రిల్ 28 ఉదయం స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్ల వల్ల అలారం మోగింది. మొదట తమ ప్లాంటే కారుతోందని అనుమానించారు. అది కాదు. దేశంలో ఇతర చోట్ల కూడా ఆరుబయటి రీడింగులు మామూలు స్థాయిని దాటాయి, గాలి ఆగ్నేయం నుంచి వీస్తోంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన చెర్నోబిల్‌లో రెండు రోజుల కిందట రియాక్టరు పేలింది. సోవియట్ ప్రభుత్వం అప్పటిదాకా లోకానికి చెప్పలేదు, ఆ సాయంత్రం చెప్పక తప్పలేదు. లిమరిక్‌లో అనుమానం మనిషి కట్టిన యంత్రం మీదికి పోయింది, కారణం నేల. ఫోర్స్‌మార్క్‌లో అనుమానం ఒక ప్లాంటు మీదికి పోయింది, కారణం ఇంకో దేశంలోని ప్లాంటు. మామూలు స్థాయి ఎంతో ముందే కొలిచి రాసిపెట్టుకున్నవాళ్లకే దాన్ని దాటినప్పుడు తెలుస్తుంది. నోరు మూసుకుని కూర్చున్న ఒక ప్రభుత్వం చేత నిజం చెప్పించడంలో ఆ రాసిపెట్టుకున్న అంకెలు పాలుపంచుకున్నాయి. ప్రశాంతంగా ఉన్న ఏళ్లలో, ఏ వార్తా లేని రోజుల్లో, ఎవరూ అడగకపోయినా తీసిన రీడింగులవి.

ఈ విభజననే చట్టాలు కూడా పాటిస్తున్నాయి. ప్రజలకు అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం చెప్పిన హద్దు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్, మన అణుశక్తి నియంత్రణ మండలిదీ అదే. అది మనిషి కార్యకలాపాలు సహజ మోతాదుకు అదనంగా కలిపేదానికి మాత్రమే. హైదరాబాద్ గ్రానైటుకు ఆ హద్దు వర్తించదు. ప్రకృతి 2.4 ఇస్తున్నప్పుడు మనిషికి ఒకటే ఎందుకని కొందరు శాస్త్రజ్ఞులే విసుక్కుంటారు. భౌతికశాస్త్రం ఒక్కటే ప్రమాణమైతే ఆ విసుగు న్యాయమే. ఆ హద్దులో భౌతికశాస్త్రంతో పాటు పొరుగువాడి ఒంటిలోకి ఏదైనా పంపేముందు ఎంతవరకు తగునని అడిగే మర్యాద కూడా ఉంది.

ఈ పద్దుల కథ మళ్లీ విక్టర్ హెస్ దగ్గరికే వస్తుంది. హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించాక 1938లో ఆయన దేశం విడిచి న్యూయార్క్ చేరారు. ఆయన భార్య యూదు వంశానికి చెందినవారు. అక్కడ జెస్యూట్‌లు నడిపే ఫోర్డ్‌హమ్ విశ్వవిద్యాలయంలో చదువు చెప్పారు. అణుబాంబులు పడిన తరువాత ఆయన ఎంపైర్ స్టేట్ భవనం మీద బాంబు ధూళి రేడియేషన్ కోసం వెతికారు. న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్‌లోకి దిగి గ్రానైటు రాతి రేడియేషన్‌నూ కొలిచారు. ఆకాశపు పద్దును ప్రపంచానికి చూపించిన మనిషి చివరి దశలో రాతి పద్దునూ మనుషుల పద్దునూ విడివిడిగా రాయడానికి పూనుకున్నారు.

తెలుగు నేల మీద ఈ విడదీత అవసరం ఇప్పుడు కడప జిల్లాలో కళ్లకు కడుతోంది. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులు వ్యర్థాల చెరువు వల్ల తమ బోరు నీళ్లు పాడయ్యాయని కొన్నేళ్లుగా చెబుతున్నారు, గని నడిపే సంస్థ కాదంటోంది. యురేనియం ఉన్నచోటే గని పెడతారు కాబట్టి ఆ నీళ్లలో సహజంగానే కొంత యురేనియం ఉండవచ్చనేది నిజం. గని వచ్చాక పెరిగి ఉండవచ్చనేదీ కొట్టిపారేయలేని మాట. రెండింట్లో ఏది ఎంతో తేలాలంటే తవ్వకానికి ముందు ఊరూరా, బోరుబోరునా తీసిన అంకెలు రైతు చేతిలోనూ ఉండాలి. అవి ఒక వైపువాళ్ల బీరువాలోనే ఉంటే రెండోవైపువాళ్లు నమ్మరు, నమ్మాలని అడిగే హక్కు కూడా ఎవరికీ ఉండదు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టాలన్నది ప్రణాళిక. ఆ జిల్లా తీరంలోనే శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు దగ్గర ఇసుకలో మోనజైట్ ఉంది. అంటే ప్లాంటు రాకముందే ఆ తీరంలో కొన్నిచోట్ల రీడింగు ఎక్కువగానే ఉండే అవకాశముంది. రేపు ఏ జాలరి ఇంట్లోనైనా జబ్బు వస్తే ప్లాంటు అంతా ఇసుకదే అంటుంది, ఉద్యమం అంతా ప్లాంటుదే అంటుంది. ఇప్పుడు, ఏ కాంక్రీటూ పోయకముందు, ఒక ఏడాది పొడుగునా ఎండలోనూ వానలోనూ ఆ ఇసుక మీద మీటరు ఎత్తున పరికరం పెట్టి కొలవవచ్చు. కొలిచేటప్పుడు ఊరివాళ్లను పక్కన నిలబెట్టుకోవచ్చు. వచ్చిన అంకెలను నెలనెలా తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించవచ్చు. రియాక్టరు కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ కలిసి అడగదగ్గ పని ఇది.